భూగోళం పోటీలు: మీ ప్రశ్నలు, మా జవాబులు

బడి పిల్లల జాతీయ స్థాయి భూగోళం పోటీల మీద ప్రశ్నలు పంపమంటే మన రెండు రాష్ట్రాల నుంచీ, అమెరికా నుంచీ ఉత్తరాలు వచ్చాయి. ఒకే సంగతి అడిగినవాటిని కలిపేశాం. జవాబులు రాసింది ఈ పోటీలకు పిల్లల్ని తయారుచేసే ఉపాధ్యాయులు.

ప్ర: మా అబ్బాయి ఆరో తరగతి. మా అక్కయ్య పిల్లలు అప్పట్లో నేషనల్ జియోగ్రాఫిక్ వాళ్ల జియోబీలో పాల్గొన్నారు. వీణ్ణీ చేర్పిద్దామంటే బడిలో ఎవరూ సరిగా చెప్పడం లేదు. పేరు ఎక్కడ నమోదు చేయాలి?
ఒక తల్లి, ఫ్రిస్కో, టెక్సస్

జ: ఆ పోటీ ఇప్పుడు లేదండీ. 1989లో మొదలై 2019 దాకా ఏటా జరిగింది. కొవిడ్ వల్ల 2020, 2021 పోటీలు రద్దయ్యాయి. ఇక శాశ్వతంగా ఆపేస్తున్నామని నేషనల్ జియోగ్రాఫిక్ సొసైటీ 2021లోనే ప్రకటించింది. నాలుగు నుంచి ఎనిమిదో తరగతి పిల్లల పోటీ అది. బడిలో గెలిచి, రాష్ట్రంలో గెలిచి, చివరికి వాషింగ్టన్ చేరేది 54 మంది: 50 రాష్ట్రాలకు ఒక్కొక్కరు, రాజధాని ప్రాంతం, దీవులు, సైనిక బడుల తరఫున మిగతావాళ్లు. 2010 తర్వాతి విజేతల పట్టికలో తెలుగు ఇంటిపేర్లు కనిపిస్తాయి. మన ఇళ్లలో ఆ పేరు ఇంకా నలుగుతున్నది అందుకే.

ఇప్పుడు అమెరికాలో దారులు రెండు. ఇంటర్నేషనల్ అకడమిక్ కాంపిటిషన్స్ అనే సంస్థ నడిపే జాగ్రఫీ బీ ఒకటి, అదే సంస్థ చూసే యూఎస్ జాగ్రఫీ ఒలింపియాడ్ రెండోది. ఆ ఒలింపియాడ్ నుంచే అంతర్జాతీయ పోటీ ఐజియోకు జట్టు వెళ్తుంది. ఐజియోకు వయసు 16 నుంచి 19 మధ్య ఉండాలి కాబట్టి మీవాడికి ప్రస్తుతం మొదటిదే దారి. రుసుములు, తేదీలు ఏటేటా మారతాయి. ఆ ఏటి నిబంధనల పత్రం చదివాకే డబ్బు కట్టండి.

ఒక తేడా ముందే తెలుసుకోండి. పాత జియోబీలో పిల్లలు వంతులవారీగా జవాబు చెప్పేవారు. ఇప్పటి బీలో బజర్ ఉంటుంది, ఎవరు ముందు నొక్కితే వాళ్లదే వంతు. ప్రశ్నలో కష్టమైన ఆనవాలు ముందు వస్తుంది, తేలికైనది చివర. ఉదాహరణకు ఇలా ఉంటుంది: “ఈ నది సముద్రానికి దగ్గర్లోనే పుట్టి, దానికి వీపు తిప్పి లోపలికి పోతుంది. మధ్యలో లోతట్టు డెల్టాగా విస్తరిస్తుంది. దీని పెద్ద వంపు దగ్గర టింబక్టు ఉంది. రెండు దేశాలకు పేరిచ్చి గినియా సింధుశాఖలో కలుస్తుంది.” జవాబు నైజర్. మొదటి వాక్యం వినగానే నొక్కిన పిల్లవాడు చిక్కుల్లో పడతాడు. అరేబియా సముద్రానికి 80 కిలోమీటర్ల దూరంలో త్ర్యంబకం దగ్గర పుట్టి, 1,465 కిలోమీటర్లు తూర్పుకు పారే గోదావరికీ ఆ వాక్యం సరిపోతుంది. మహాబలేశ్వరంలో పుట్టే కృష్ణకూ సరిపోతుంది. “లోతట్టు డెల్టా” అన్న మాట పడ్డాక నొక్కాలి. ఇంట్లో ప్రశ్న చదివేటప్పుడు వాక్యం వాక్యానికీ ఆగి, “ఇప్పటిదాకా విన్నదానికి ఎన్ని జవాబులు సరిపోతాయి?” అని అడగండి. లెక్క ఒకటికి వచ్చినచోటే బజర్.

ప్ర: నాకు అన్ని దేశాల రాజధానులు, కరెన్సీలు కంఠస్థం. అయినా జిల్లా క్విజ్‌లో రెండో రౌండు దాటలేదు. ఇంకేం బట్టీ పట్టాలి?
ఎనిమిదో తరగతి విద్యార్థి, నరసరావుపేట

జ: బట్టీ పట్టాల్సింది అయిపోయింది నాయనా. రాజధానులు అడిగేది మొదటి రౌండులోనే. తర్వాత అడిగేవి ఎలా ఉంటాయో పాత జియోబీ ఫైనళ్లలో విజేతను తేల్చిన ప్రశ్నలే చూడు.

2013లో అడిగింది ఇది: భూమధ్యరేఖ దగ్గర భూమి ఉబ్బి ఉండడం వల్ల, భూకేంద్రం నుంచి అత్యంత దూరంలో ఉన్న శిఖరం ఈక్వడార్‌లో ఉంది, దాని పేరేమిటి? జవాబు చింబొరాజో. పేరు గుర్తున్నవాడికి ఒక మార్కు వస్తుంది. కారణం తెలిసినవాడికి ఇలాంటివి పది ప్రశ్నలు వస్తాయి. లెక్క నువ్వే వేసి చూడు. భూమధ్యరేఖ దగ్గర భూమి వ్యాసార్ధం 6,378 కిలోమీటర్లు, ధ్రువాల దగ్గర 6,357. తేడా 21 కిలోమీటర్లు. ఎవరెస్టు 28 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. అక్కడ సముద్రమట్టమే భూమధ్యరేఖ కన్నా దాదాపు 4.7 కిలోమీటర్లు కేంద్రానికి దగ్గర. చింబొరాజో ఎత్తు 6,263 మీటర్లే అయినా, భూమధ్యరేఖకు ఒకటిన్నర డిగ్రీ దూరంలోనే ఉంది. అందుకే 8,849 మీటర్ల ఎవరెస్టు శిఖరం కన్నా దాని కొన కేంద్రం నుంచి సుమారు రెండు కిలోమీటర్లు ఎక్కువ దూరంలో ఉంటుంది.

2015లో గ్రాండ్ ఇంగా ఆనకట్ట కట్టాలనుకుంటున్న ఆఫ్రికా నది అడిగారు. జవాబు కాంగో. అంత పెద్ద విద్యుత్ కేంద్రం అక్కడే ఎందుకంటే, ఆ నది భూమధ్యరేఖను రెండుసార్లు దాటుతుంది. ఉత్తరాన వానలు తగ్గేసరికి దక్షిణాన మొదలవుతాయి, నీరు ఏడాది పొడవునా తగ్గదు. 2017 ప్రశ్న టక్లమకాన్ ఎడారినీ టిబెట్ పీఠభూమినీ విడదీసే పర్వతాల గురించి. మధ్య ఆసియా పర్వతాలంటే తియాన్ షాన్ అని నోటికి వచ్చేస్తుంది. కానీ అవి ఆ ఎడారికి ఉత్తరాన ఉన్నాయి. దక్షిణాన ఉన్నవి కున్‌లున్.

ఇక నుంచి పేరు రాసుకున్న ప్రతిచోటా రెండు మాటలు చేర్చు: దాని నాలుగు వైపులా ఏముంది, అది అక్కడే ఎందుకుంది. తప్పు చెప్పిన జవాబులకు వేరే నోటుబుక్కు పెట్టు. అందులో సరైన జవాబు ఒక్కటే రాస్తే లాభం లేదు, నువ్వు చెప్పిన తప్పు జవాబు ఎక్కడుందో కూడా మ్యాపులో గుర్తించు. సాధారణంగా పిల్లలు తడబడేది అలా పక్కపక్కనుండే జంటల దగ్గరే.

ప్ర: అట్లాసు చదవడం అంటే ఏమిటి? మా పాప పేజీలు తిప్పుతుంది తప్ప ఏమీ ఎక్కడం లేదు.
ఒక తండ్రి, విజయవాడ

జ: పేజీ వారీగా వద్దు, ఒక గీత పట్టుకుని వెళ్లమనండి. మీ ఊరు 16.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. అక్కడ స్కేలు పెట్టి తూర్పుకు జరపండి. బంగాళాఖాతం దాటగానే ఐరావతి డెల్టా, యాంగాన్. తర్వాత థాయిలాండ్‌లో ఖోన్ కేన్, లావోస్‌లో సవన్నఖేత్, వియత్నాం తీరాన హ్యూ, ఫిలిప్పీన్స్‌లో బాగియో. పడమరకు జరిపితే కొల్హాపూర్ పరిసరాలు, అరేబియా సముద్రం, యెమెన్, ఎరిట్రియా, సూడాన్, చాద్, నైజర్‌లో అగదేజ్, మాలీలో టింబక్టు, సెనెగల్ నది ఒడ్డున రోసో. అన్నీ అరడిగ్రీ అటూ ఇటూగా ఇదే గీత మీదున్న ఊళ్లు.

ఇప్పుడు ప్రశ్న వేయండి. సూర్యుడు అన్నిచోట్లా ఒకే ఎత్తులో ఉంటాడు కదా, విజయవాడలో ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్ల దాకా వాన పడితే టింబక్టులో 200 కూడా ఎందుకు పడదు? హ్యూలో రెండున్నర వేల మిల్లీమీటర్లు ఎలా దాటుతుంది? టింబక్టుకు రుతుపవనాలు అందేసరికి వాటిలో తేమ అయిపోతుంది, పైగా వేసవిలో కొద్ది వారాలే అవి అంత ఉత్తరానికి వస్తాయి. హ్యూకు వెనకే అన్నామ్ పర్వతాలున్నాయి. అక్టోబరు, నవంబరుల్లో ఈశాన్య గాలి దక్షిణ చైనా సముద్రం మీద తేమ మోసుకొచ్చి వాటికి తగులుతుంది. వారానికి ఒక అక్షాంశమో రేఖాంశమో చాలు. తర్వాత అట్లాసు మూసి, అదే గీత తెల్లకాగితం మీద గీసి ఊళ్లు పెట్టమనండి. మొదటిసారి ఆఫ్రికా మరీ ఇరుకైపోతుంది, పిల్లలందరికీ అంతే.

ప్ర: ఐజియో తరహా పోటీల్లో క్షేత్ర పరిశీలనకు ఎక్కువ మార్కులంటారు. ప్రభుత్వ బడిలో ఖర్చు లేకుండా ఎలా సాధన చేయించాలి?
సాంఘికశాస్త్ర ఉపాధ్యాయిని, కరీంనగర్

జ: ఐజియోలో రాత పరీక్షకు 40 శాతం, క్షేత్ర పరిశీలనకు 40, తెర మీద బొమ్మలు, మ్యాపులు చూపి అడిగే బహుళైచ్ఛిక పరీక్షకు 20. మన పిల్లలు మొదటిదానికి ఎలాగోలా తయారవుతారు. తేలిపోయేది రెండోదాంట్లోనే, ఎందుకంటే బడిలో దాన్ని ఎవరూ చేయించరు. దానికి కావలసినవి 30 మీటర్ల టేపు, అట్టలు, పెన్సిళ్లు, ఏ4 కాగితాలు. అంతే.

ముందు అడుగు కొలత. మైదానంలో 30 మీటర్లు గుర్తుపెట్టి పిల్లల్ని మామూలు నడకతో నాలుగుసార్లు నడిపించండి. అడుగుల సగటుతో 30ని భాగిస్తే ఒక్క అడుగు దూరం వస్తుంది. ఎవరి లెక్క వాళ్లదే. కొలుస్తున్నామన్న స్పృహతో పిల్లలు పెద్ద అంగలు వేస్తారు. అందుకే మొదటి నడక లెక్క వదిలేసి, తర్వాతి మూడు తీసుకోండి.

తర్వాత వీధి ఎంచుకోండి. రైతుబజారు నుంచి బస్టాండు దాకానో మరోటో, 400 మీటర్లకు మించకుండా. 1:2,000 స్కేలు పెట్టుకుంటే ఒక సెంటీమీటరుకు 20 మీటర్లు, మొత్తం వీధి 20 సెంటీమీటర్లలో కూర్చుంటుంది, కాగితం చుట్టూ అంచు మిగులుతుంది. రెండు వైపులా ఉన్న ప్రతి కట్టడం కింది అంతస్తును ఒక అక్షరంతో గుర్తించాలి: నివాసం, దుకాణం, తిండి, వైద్యం, విద్య, కార్యాలయం, ఖాళీ. ఏడుకు మించితే ఇంటికొచ్చాక సూచిక చదవలేరు. బోర్డు చూసి రాయకూడదు, లోపల ఏం జరుగుతోందో చూసి రాయాలి. “ట్రేడర్స్” అన్న బోర్డు కింద టిఫిన్ సెంటరు నడుస్తుంటే అది తిండే. తోపుడు బండ్లను చుక్కలతో వేరుగా పెట్టి, పక్కన సమయం రాయించండి. గంటలో అవి అక్కడ ఉండవు.

జనం లెక్క మూడుచోట్ల, పదేసి నిమిషాలు, రెండు దిక్కులా గీతలు గీస్తూ జరగాలి. మూడుచోట్లా ఒకే సమయంలో లెక్కించడం ముఖ్యం. బజారు దగ్గర పొద్దున ఎనిమిదింటికి, బస్టాండు దగ్గర పదకొండింటికి లెక్కపెట్టి పోల్చే గుంపులే ఎక్కువ. ఆ పోలికలో తేడా చోటుదో, వేళదో చెప్పలేం.

దిక్కు దగ్గర ఒక చిక్కుంది. మిట్టమధ్యాహ్నం నీడ ఉత్తరం చూపిస్తుందని పాఠాల్లో చెబుతాం. మన దగ్గర మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా అది తప్పు. ఆ రోజుల్లో సూర్యుడు మనకు ఉత్తరంగా ఉంటాడు, నీడ దక్షిణానికి పడుతుంది. పైగా మన గడియారం 82.5 డిగ్రీల రేఖాంశానిది. 78.5 డిగ్రీల దగ్గరున్న హైదరాబాదులో సూర్యుడు నడినెత్తికి వచ్చేది దాదాపు పదహారు నిమిషాలు ఆలస్యంగా, అదీ రుతువును బట్టి కొంచెం అటూ ఇటూ అవుతుంది. దీనికన్నా నిటారుగా కర్ర పాతి, నీడ కొన దగ్గర రాయి పెట్టండి. ఇరవై నిమిషాలాగి కొత్త కొన దగ్గర ఇంకో రాయి. మొదటి రాయి పడమర, రెండోది తూర్పు. ఏ నెలలోనైనా చాలావరకు సరిపోతుంది, మధ్యాహ్నానికి దగ్గరగా చేస్తే ఇంకా బాగా వస్తుంది.

శీర్షిక, తేదీ, ఉత్తర బాణం, సూచిక, స్కేలు లేని మ్యాపుకు ఎంత అందంగా గీసినా మార్కులు పోతాయి. స్కేలును అంకెల్లో మాత్రమే రాసి ఊరుకోవద్దు, గీత స్కేలు కూడా గీయించండి. జిరాక్సులో కాగితం చిన్నదో పెద్దదో అయితే 1:2,000 అన్న అంకె అబద్ధమవుతుంది, గీత మాత్రం బొమ్మతో పాటే సాగుతుంది.

ఇంతా చేశాక అసలు ప్రశ్న వస్తుంది: “ఈ వీధిలో తోపుడు బండ్లకు చోటు ఎక్కడ కేటాయిస్తారు?” చాలామంది పిల్లలు ఇక్కడ పరిశుభ్రత, క్రమశిక్షణ అంటూ వ్యాసం అందుకుంటారు. అలాంటి వాక్యం ఏ ఊరికైనా రాయొచ్చు కాబట్టి మార్కు రాదు. “రెండో లెక్కింపు చోట పది నిమిషాల్లో 140 మంది నడిచారు, కాలిబాట ఒకటిన్నర మీటరే, పక్కన ఖాళీ స్థలం ఉంది, అందుకే బండ్లు ఆ స్థలంలోకి” అన్న తీరులో ప్రతి మాటా తమ మ్యాపులోని ఒక చోటుకు ముడిపడాలి. పోటీలో ఈ పని జట్టుగా ఉండదు. కాబట్టి లెక్క కలిసి చేసినా మ్యాపు, జవాబు ఎవరిది వాళ్లే చేయాలి.

ప్ర: భారత తీరరేఖ 7,516 కిలోమీటర్లా, 11,098 కిలోమీటర్లా? రెండు పుస్తకాల్లో రెండు రకాలుగా ఉంది.
తొమ్మిదో తరగతి విద్యార్థిని, ఒంగోలు

జ: రెండూ కొలిచినవే, కొలబద్ద వేరు. 7,516.6 పాత లెక్క, 1:45,00,000 స్కేలు మ్యాపుల మీద వచ్చింది. కొత్తది 11,098.81 కిలోమీటర్లు, 1:2,50,000 స్కేలు మీద తీసింది. మ్యాపు ఎంత వివరంగా ఉంటే కాలవ ముఖాలు, వంపులు అన్ని ఎక్కువ కనిపిస్తాయి, గీత అంత పొడవవుతుంది. సముద్రం ఒక్క మీటరు జరగనక్కర్లేదు. వంపులు ఎక్కువున్న గుజరాత్ తీరం 1,214 నుంచి 2,340 కిలోమీటర్లకు, దాదాపు రెండింతలైంది. నున్నగా సాగే మన ఆంధ్ర తీరం 973.7 నుంచి 1,053 దాకా మాత్రమే పెరిగింది. పరీక్షలో ఏది రాయాలంటే, ఆ పోటీవాళ్లు సూచించిన పుస్తకంలో ఉన్నది. క్విజ్‌లో నోటితో చెప్పేటప్పుడు కొత్త అంకె చెప్పి “సవరించిన లెక్క” అనండి.

ప్ర: క్లైమోగ్రాఫ్ చూపి “ఇది ఏ ఊరు?” అంటే ఎలా కనుక్కోవాలి?
పదో తరగతి విద్యార్థి, ఖమ్మం

జ: ఒక ఊరి నెలనెలా ఉష్ణోగ్రతను గీతగా, వానను స్తంభాలుగా చూపే బొమ్మ అది. వాన స్తంభాల మీదికి ముందు చూపు పోనీయకు. ఉష్ణోగ్రత గీత చూడు. జనవరి వేడిగా, జూలై చల్లగా ఉంటే దక్షిణార్ధగోళం. గీత దాదాపు బల్లపరుపుగా ఉంటే భూమధ్యరేఖ దగ్గర, లేదా సముద్రపు ప్రభావం గట్టిగా ఉన్నచోటు. శిఖరం మే నెలలో వచ్చి, జూలైకి గీత దిగితే రుతుపవన ప్రాంతం. హైదరాబాదు గ్రాఫు అలాగే ఉంటుంది, వాన మబ్బు కమ్మగానే వేడి తగ్గుతుంది కదా.

ఆ తర్వాత వాన. వేసవిలో పొడి, చలికాలంలో వాన అంటే మధ్యధరా తరహా. దానికి తోడు జనవరి వేడిగా ఉంటే కేప్‌టౌన్, పెర్త్ లాంటివి. ఏడాదికి రెండు వాన శిఖరాలు, ఏప్రిల్‌లో ఒకటి, నవంబరులో ఒకటి, ఉంటే నైరోబీ వైపు చూడు. స్తంభాలు అక్టోబరు, నవంబరుల్లోనే పొడుగ్గా ఉంటే చెన్నై. వాన దాదాపు లేకపోయినా వేడి పెద్దగా ఎక్కకపోతే పక్కనే చల్లని సముద్ర ప్రవాహం ఉన్నట్టు, లీమా అలాంటిదే. కుడివైపు అక్షం మీది అంకెలు చదవకపోవడం అందరూ చేసే పొరపాటు. 50 మిల్లీమీటర్ల స్తంభం ఒక గ్రాఫులో ఆకాశాన్నంటుతుంది, ఇంకోదాంట్లో నేలకు అతుక్కుని ఉంటుంది.

ప్ర: టోపోషీటు మీద 56కె/7 అని ఉంటుంది. దాని అర్థం?
ఇంటర్ విద్యార్థి, వికారాబాద్

జ: టోపోషీటంటే సర్వే ఆఫ్ ఇండియా వేసే నేల వివరాల పటం. మీ పక్కనున్న హైదరాబాదు షీటే అది. 56 అంటే 16–20 ఉత్తర అక్షాంశాలు, 76–80 తూర్పు రేఖాంశాల మధ్య ఉన్న నాలుగు డిగ్రీల చదరం. దాన్ని ఏ నుంచి పీ దాకా 16 ముక్కలు చేస్తారు, పై నుంచి కిందికి నిలువు వరసల్లో. కె అంటే 17–18, 78–79 డిగ్రీలు. మళ్లీ దాన్ని 16 చేస్తే ఒక్కోటి 15 నిమిషాల చదరం, ఏడోదాంట్లో హైదరాబాదు. స్కేలు 1:50,000, రెండు సెంటీమీటర్లకు ఒక కిలోమీటరు. ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీత కాంటూరు, రెండు కాంటూర్ల మధ్య ఎత్తు అంతరం మామూలుగా 20 మీటర్లు. పోటీలో తరచూ అడిగే వాలు లెక్క ఇలా: రెండు చోట్ల మధ్య ఐదు కాంటూరు అంతరాలుంటే 100 మీటర్ల ఎత్తు, మ్యాపులో నాలుగు సెంటీమీటర్ల దూరముంటే నేల మీద 2,000 మీటర్లు, వాలు 1:20. సర్వే ఆఫ్ ఇండియా ఆన్‌లైన్ మ్యాప్స్ పోర్టల్‌లో షీట్లు దొరుకుతాయి. ఉపగ్రహ చిత్రంతో పోల్చుకోవడానికి హైదరాబాదులోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఎన్‌ఆర్‌ఎస్‌సీ నడిపే భువన్ ఉంది.

ప్ర: మన దేశంలో ఇలాంటి జాతీయ పోటీ ఏది నమ్మదగింది? ఒలింపియాడ్ పేరుతో బడికి బోలెడు ఫారాలు వస్తున్నాయి.
తల్లిదండ్రులు, తిరుపతి

జ: ఒలింపియాడ్ అన్న మాట ఎవరైనా వాడుకోవచ్చు. ఫారం నింపేముందు మూడు అడగండి: దీని తర్వాతి దశ ఏది, ఆ దశకు ఎవరు పంపుతారు, పాత ప్రశ్నపత్రాలు చూపిస్తారా? పతకం, సర్టిఫికెట్టు తప్ప తర్వాతి దశ లేకపోతే అది బడి పరీక్షే. సరదాకు రాయించొచ్చు, ఆశలు పెట్టుకోవద్దు.

భూమికి సంబంధించి దేశ జట్టును ఎంపిక చేసే దారి ఒకటుంది: జియలాజికల్ సొసైటీ ఆఫ్ ఇండియా నిర్వహించే జాతీయ ఎర్త్ సైన్స్ ఒలింపియాడ్. తొమ్మిది నుంచి పన్నెండో తరగతి పిల్లలకు. అక్కడి నుంచి నలుగురి జట్టు అంతర్జాతీయ ఎర్త్ సైన్స్ ఒలింపియాడ్‌కు వెళ్తుంది. ఆ పోటీ 2007లో దక్షిణ కొరియాలో మొదలైంది, 2013లో మైసూరులో జరిగింది. కానీ పాఠ్యాంశాలు చూసుకోండి. శిలలు, భూకంపాలు, వాతావరణం, సముద్రం, ఖగోళం ఉంటాయి. జనాభా, నగరాలు, వ్యవసాయం, వ్యాపారం ఉండవు. పటాలు ఇష్టమున్న పిల్లవాడికీ రాళ్లంటే ఇష్టమున్న పిల్లవాడికీ ఇక్కడే దారులు వేరవుతాయి.

ప్ర: పదేళ్ల కిందటి అట్లాసు పనికొస్తుందా?
ఒక పాఠకుడు, నల్లగొండ

జ: పర్వతాలకూ నదులకూ పనికొస్తుంది. పేర్ల పేజీల్లో పెన్సిల్‌తో దిద్దుకోండి: స్వాజీలాండ్ 2018లో ఎస్వాతినీ అయింది, మాసిడోనియా 2019లో ఉత్తర మాసిడోనియా అయింది. కజకిస్తాన్ రాజధాని అస్తానా 2019లో నూర్-సుల్తాన్‌గా మారి 2022లో మళ్లీ అస్తానా అయింది, కాబట్టి పాతదాంట్లో ఉన్నదే ఇప్పుడు సరైంది. మన జిల్లాల పేజీ మాత్రం చించేయండి. తెలంగాణ 2016 అక్టోబరులో పది జిల్లాల నుంచి 31కీ, 2019లో 33కీ వెళ్లింది. ఆంధ్రప్రదేశ్ 2022 ఏప్రిల్‌లో 13 నుంచి 26 అయింది, ఆ సరిహద్దుల్ని దిద్దడం కన్నా కొత్త పటం కొనుక్కోవడం తేలిక.